పురుగుల సారు, ఐదో సీసా

రండి, ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. గడపలో వద్దు, ఈ గాలికి సగం మాట వీధిలోకి కొట్టుకుపోతుంది. ఒలిచే చెనిక్కాయలుంటే చాట కూడా తెచ్చుకోండి, ఒలుచుకుంటూనే వినొచ్చు. నేను చదివింది మూడో తరగతి దాకానే. అక్షరం రాయడానికి ఇప్పటికీ నాకు టైం పడుతుంది. కానీ కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రం మరిచిపోయేదాన్ని కాను. అందుకే ఈ మనిషిని మీకు చూపించాలని కూర్చున్నాను. నేను చెప్పకుంటే ఈ ఊళ్లో ఇంకెవరూ చెప్పరు.

పోయిన బుధవారం పొద్దున మా ఇంటి ముందు ఒకమ్మాయి స్కూటరు దిగింది. పాతికేళ్లుంటాయి. భుజానికి ఒక సంచి, చేతిలో ఒక తెల్ల డబ్బా. అది నాకు బాగా తెలిసిన డబ్బా. మూత మీద కాలిన మచ్చ కూడా అదే. "పురుగుల సారు చెప్పే అక్క మీరేనా?" అని అడిగింది. అవునన్నాను, సారు ఎందుకు రాలేదని అడిగాను. ఆ పిల్ల సారు దగ్గర పని నేర్చుకున్నదంట, చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్న తర్వాత చెప్పింది. ఎండాకాలంలోనే పోయాడంట. గుండె ఆగిపోయిందంట. నేను చాట కింద పెట్టడం కూడా మరిచి అట్లాగే నిలబడ్డాను.

ఆయనకు పేరు లేక కాదు. ఊళ్లో ఎవరూ పేరుతో పిలవలేదు, నేనూ ఇక్కడ చెప్పను. మాకందరికీ ఆయన పురుగుల సారు.

మాది ఆలూరు పక్క ఊరు. వాన పడితే పత్తి, పడకపోతే ఆకాశం. పత్తి వేసే వాళ్లకు గులాబీ పురుగంటే ఏమిటో చెప్పనక్కర్లేదు, వేయని వాళ్లకు చెబుతాను. మిగతా పురుగులు ఆకు తింటాయి, కంటికి కనిపిస్తాయి, తిట్టుకోవచ్చు. ఇది కనిపించదు. చిన్న రెక్కల పురుగు వచ్చి గుడ్డు పెట్టి పోతుంది. వెంట్రుకంత పిల్ల కాయలోకి దూరుతుంది, దూరిన రంధ్రం మూసుకుపోతుంది. బయటికి కాయ పచ్చగా, బలంగా, పెళ్లికొడుకులా ఉంటుంది. పగలాల్సిన రోజు పగలదు. చీల్చి చూస్తే లోపల గింజంతా తినేసి, ఎర్రగా బలిసి, పడుకుని ఉంటుంది. కొత్త రకం విత్తనం వచ్చిన మొదట్లో ఆ కాయ తింటే పురుగు చచ్చేది. తర్వాత్తర్వాత తినీ బతకడం నేర్చింది. అప్పటి నుంచి పచ్చటి చేను చూసినా మాకు సంతోషం లేదు. లోపల ఏముందోనని భయమే.

ఆ భయంలోకి వచ్చాడు ఈయన. సన్నగా, పొడుగ్గా, మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా, కుడి చెవి మీద పెన్సిలు. పత్తి సాళ్లలో నేరుగా నడిచేవాడు కాదు. పెళ్లింట్లో బంతికి కూర్చున్న వాళ్ల వెనక నుంచి పోయినట్టు, పక్కకు తిరిగి, కొమ్మ తగలకుండా పోయేవాడు. కాయ కోసి బొటనవేలితో నొక్కి చీల్చేవాడు. పురుగు లేకపోతే "శుభం" అనేవాడు. ఉంటే గొంతు తగ్గించి, "వచ్చినావా నాయనా" అనేవాడు, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు. చీల్చిన కాయ చేన్లో పారేసేవాడు కాదు, జేబులో వేసుకునేవాడు. సాయంత్రానికి జేబులు రెండూ ఉబ్బి, చొక్కా అంతా మరకలయ్యేది.

తీసిన పురుగును చిన్న సీసాలో వేసేవాడు. అందులో స్పిరిటు ఉంటుంది. ఊరి పేరు, చేను పేరు, తేదీ ఒక చిన్న చీటీ మీద పెన్సిలుతో రాసి, ఆ చీటీ కూడా పురుగుతో పాటు లోపలే వేసేవాడు. పెన్ను ఉండగా పెన్సిలు ఎందుకు సారూ అని నేను ఒకసారి అడిగాను. "పెన్ను రాత స్పిరిట్లో కరిగిపోతాదక్కా. పెన్సిలు రాత ఉంటాది" అన్నాడు. నాకంటే పెద్దవాడే, అయినా అక్కా అనేవాడు. రబ్బరు మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ చూడలేదు. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాసేవాడు. ఆ కొట్టేసింది కూడా కనబడాలంట.

మా వీధిలో ఒక ముసలి తాత ఉన్నాడు, తొంభైకి దగ్గర పడ్డాడు, నోరు మాత్రం ఇరవై ఏళ్లది. సారును చూస్తే చాలు మొదలుపెట్టేవాడు.

"ఏమప్పా సారూ, పురుగులకు సంబంధాలు చూస్తాండావంట. మా ఆలూరు పురుగుకు కడప పురుగు దొరికిందా?"

"ఇంకా గోత్రమే తేలలేదు తాతా" అనేవాడు సారు, నవ్వకుండా.

ఆయనది కడప పక్క. అక్కడి పత్తి చేన్ల పురుగులు, మా పక్క పురుగులు, అన్నీ ఆ ఒక్క డబ్బాలోనే ఉండేవి. తాత మాటలో ఎగతాళి ఉన్నా అబద్ధం లేదు. ఆయన చేసేది నిజంగా పురుగుల గోత్రాలు చూడడమే.

అది నాకు ఇట్లా చెప్పాడు. మా వసారాలో కుర్చీ వేసినా కూర్చోకుండా, చెనిక్కాయల మూట మీద కూర్చుని చెప్పాడు. "నువ్వు ఒక పిల్లను చూడగానే ఫలానా వాళ్ల బిడ్డ అంటావు కదక్కా, ముక్కు చూసి, నడక చూసి? పురుగుకు ముక్కు లేదు. దాని ఒంట్లో ఒక రాత ఉంటాది. అది చదివితే యా ఇంటి బిడ్డో తెలుస్తాది."

"తెలిస్తే ఏమొస్తాది సారూ?"

"ఈ ఐదూళ్ల పురుగూ ఒకే వంశం అనుకో. ఒక ఊర్లో మందుకు చావని మొండిది పుడితే, ఐదూళ్లకూ అదే. అప్పుడు ఐదూళ్లూ ఆఖరి కోత వదులుకుని, ఒక్కసారే చేన్లు తీసేయాల. వేరే వేరే వంశాలైతే మొండిది యాడ పుట్టిందో ఆ ఊరు ముందు తీస్తే సరిపోతాది. మిగతా వాళ్లకు ఆ కోత మిగులుతాది. తెలిసి చెప్పాల. తెలీకుండా చెప్తే మీ నోటికాడి కూడు నేను లాగినట్టే."

ఆ ఆఖరి కోత అంటే ఏమిటో పత్తి వేసిన వాళ్లకు తెలుసు. ముందు కోతలు విత్తనానికి, మందులకు, కూలికి పోతాయి. చివరిది ఇంట్లో మిగిలేది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పకుంటే తర్వాతది అర్థం కాదు. అప్పట్లో విత్తనాల సంచిలో ఒక చిన్న పొట్లం వచ్చేది. అందులో మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ అవి వేయాలి. వాటి మీద బతికిన మామూలు పురుగులు మొండి పురుగులతో కలిస్తే, పుట్టే పిల్లల్లో ఆ మొండితనం పలచబడుతుందంట. ఎవరూ వేసేవాళ్లం కాదు. సారు ఇంటింటికీ పోయి ఆ పొట్లం ఏం చేసినారని అడిగేవాడు. అందరూ "వేసినాం సారూ" అనేవాళ్లు. అట్లా అన్న ఒక ఇంట్లో ఆ పొట్లం విప్పకుండా, తలుపు కొట్టుకోకుండా సందులో పెట్టి ఉండింది. సారు దాన్ని చూశాడు, తలుపును చూశాడు, చేతులు జోడించాడు. "నన్ను సంతోషపెట్టేకి చెప్పొద్దండప్పా. ఉన్నదే చెప్పండి, అది చాలు." ఆ మాటకు నేను కూడా అందరితో పాటు నవ్వాను. నా వంతు వస్తుందని అప్పుడు తెలియదు.

నన్ను ఆయన పనిలో పెట్టుకున్నాడంటే నా తెలివి చూసి కాదు, నా చుట్టరికం చూసి. నేను పుట్టింది వంక అవతలి ఊరు. మెట్టినది ఈ ఊరు. మేనత్త ఉండేది రైలు గేటు దగ్గరి ఊరు. మా ఆడబిడ్డ ఉండేది బావుల ఊరు. నా చెల్లెల్ని ఇచ్చింది ఫ్యాన్ల కొండ కింది ఊరికి, అంటే ఆ గాలిమరలు తిరిగే కొండ. ఐదూళ్లలోనూ ఏ చేను ఎవరిదో, ఏ గట్టు ఎక్కడ మలుపు తిరుగుతుందో నాకు తెలుసు. అందుకని ఐదు సీసాలూ, ఒక పెన్సిలూ నా చేతికిచ్చి, ఒక్కో ఊర్లో ఒక్కో చేను నుంచి పురుగులు తీసి పెట్టమన్నాడు. మూడో తరగతి దాకా చదివిన దాన్ని నమ్మి ఒక పని అప్పజెప్పిన మనిషి అప్పటికి ఆయన ఒక్కడే. రెండేళ్లు బాగా చేశాను. ఆ రెండేళ్లూ ఎన్ని పురుగులున్నాయో లెక్కే, ఒంట్లో రాత చదివించడం మూడో ఏడే మొదలుపెట్టాడు.

మూడో ఏడు, కార్తీకం పోయే రోజుల్లో, మా ఇంటాయనకు గుండెలో నొప్పి వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆరు రోజులున్నాం. ఆ ఆరు రోజులు నేను ఎట్లా ఉన్నానో వదిలేయండి. గండం గడిచి ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటున్నాను, ఫోను మోగింది. "రేపు పొద్దున వస్తాండా అక్కా. సీసాలు సిద్ధమేనా?"

"సిద్ధం సారూ" అన్నాను.

ఆ మాట ఎందుకు వచ్చిందో ఇప్పటికీ వెతుక్కుంటూ ఉంటాను. ఆసుపత్రి సంగతి చెబితే ఆయన ఒక్క మాట కూడా అనేవాడు కాదు. కానీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గడప తొక్కిన మనిషి ఉత్త చేతులతో పోకూడదు. రెండు ఉల్లిగడ్డలో, దోసెడు చెనిక్కాయలో, ఏమీ లేకపోతే కాగితంలో చుట్టిన చిటికెడు కుంకుమో. కరువు ఏడు మా అత్త, ఇంట్లో ఏమీ లేక, వచ్చినామెకు పెరట్లో వేపపుల్లలు విరిచి ఇచ్చింది. అట్లాంటి ఇంట్లో నేను ఐదు ఖాళీ సీసాలు ఆ మనిషి చేతిలో పెట్టాలా? వడ్డించని విస్తరి ముందు పెట్టినట్టు అనిపించింది.

ముందు గదిలో కోసి పోసిన పత్తి కుప్ప మోకాలెత్తు ఉంది. అది మా చేను పత్తే. ఆ కుప్పలో నుంచి పురుగులు బయటపడి, ఎర్రగా, గోడ ఎక్కుతున్నాయి. పుల్లతో తీసి ఐదు సీసాల్లోనూ వేశాను. ఐదు చీటీల మీద ఐదూళ్ల పేర్లు రాశాను. తెల్లారి ఆయన వచ్చి ఒక్కో సీసా వెలుతురుకు ఎత్తి చూసి, "రాత కుదురుగా ఉండాదక్కా" అని మెచ్చుకున్నాడు. పైగా నేను ఆయన సంచిలో రెండు దోసిళ్ల చెనిక్కాయలు కూడా పోశాను.

ఆ రోజు నుంచి నాకు స్థిమితం లేదు. పురుగుల్లో ఏముందిలే, ఐదూళ్లవీ ఒకటే కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఒకటో కాదో తెలుసుకోవాలనే కదా ఆయన తిరుగుతున్నది అని మళ్లీ నాకే తోచేది. వీధిలో బండి చప్పుడైతే ఆయనేనేమో అనుకునేదాన్ని. ఆ పత్తికాయ లాగే పైకి పచ్చగానే తిరిగాను, లోపల ఒకటి తొలుస్తూనే ఉంది.

సంక్రాంతి అయిన వారానికి ఫోను చేశాడు. గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు. "వింతగా ఉండాదక్కా. మీ ఐదూళ్ల పురుగులూ ఒక్క కడుపున పుట్టినట్టుండాయి. కడప పక్క ఒక ఊరికీ ఇంకో ఊరికీ కొంచెమన్నా తేడా ఉండాది. మీ పక్క ఇంత కూడా లేదు. సోమవారం మీటింగులో చెప్తాండా. ఐదూళ్లూ వచ్చే ఏడు ఒక్కసారే తీసేయాలని చెప్పాల్సి వస్తాది."

నేను ఊఁ అన్నాను. పెనం మీద రొట్టె మాడిపోయింది. మా ఇంటాయన మంచం మీద నుంచి, "ఏమైంది?" అన్నాడు. మొత్తం చెప్పాను. ఆయన లేచి కూర్చున్నాడు.

"పోయి చెప్పు."

"తిడతాడేమో."

"తిట్టించుకో. చెప్పకుంటే నీకూ నా మాదిరే నొప్పి వస్తాది. ఈ ఇంట్లో గుండె మాత్రలు ఒక్కరికే ఉండాయి."

శుక్రవారం పొద్దున్నే ఆలూరులో కర్నూలు బస్సు ఎక్కాను. నాలుగు జొన్నరొట్టెలు, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి గుడ్డలో కట్టుకున్నాను. తప్పు ఒప్పుకోవడానికి పోతూ కూడా ఉత్త చేతులతో పోలేకపోయాను చూడండి. దారంతా ఒక్క మాట అల్లుకున్నాను, ఎట్లా మొదలుపెట్టాలో. పత్తి బేళ్ల లారీ మా బస్సును దాటిపోతుంటే దూది తెగి కిటికీలోకి ఎగిరి వచ్చి నా ఒడిలో పడింది. దాన్ని చూశాక అల్లుకున్న మాటంతా చెదిరిపోయింది.

ఆయన ఆఫీసు గదిలో ఒక బల్ల, ఒక భూతద్దం మిషను, ఒక ఫ్రిజ్. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇంటాయనకు ఎట్లుందని అడిగాడు. నేను గుడ్డమూట బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే చెప్పాను. "సారూ, ఆ పురుగులు ఐదూళ్లవి కావు. అన్నీ మా ఇంటి కుప్పలోవే. నేను యా ఊరికీ పోలేదు."

ఆయన చెవి మీది పెన్సిలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎంత పని చేసినావక్కా" అన్నాడు, అది కూడా గొంతు లేపకుండా. అని బయటికి పోయాడు. కిటికీలో నుంచి చూస్తే కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇంక ఈ మనిషి నన్ను అక్కా అని పిలవడు అనుకున్నాను. ఏం మాట అన్నా సరే, ఊరికి మాత్రం చెప్పకుంటే చాలు అని కూడా అనుకున్నాను. ఉన్నదే చెప్పాలి కదా, అందుకని ఇదీ చెబుతున్నాను.

తిరిగి వచ్చి ఒక పెద్ద రిజిస్టరు తెరిచాడు. ఐదూళ్ల పేర్లున్న ఐదు వరుసలు. ఒక్కోదాని మీద ఒక్కో గీత, నిదానంగా, కింది రాత కనిపించేటట్టు కొట్టాడు. పక్కన ఏదో రాశాడు. నా మీద ఏం రాశాడోనని భయమేసింది, అడిగే మొహం లేదు.

"ఇంకా చేన్లు ఉండాయా?" అన్నాడు.

"మా ఊర్లో రెండు ఉండాయి సారూ. వంక అవతల ఉన్నట్టుండాయి. కొండ కింద మాత్రం గొర్రెలు తోలినారని మా చెల్లెలు అనింది."

"రేపు పొద్దున వస్తా. ఇద్దరం పోదాం."

అప్పుడు గుడ్డ విప్పి ఒక రొట్టె తిన్నాడు. తింటూ నా వైపు చూడకుండా అన్నాడు, "తప్పు నీది ఒక్కదానిదే కాదక్కా. సిద్ధమేనా అని అడిగినా. లేదని చెప్పేకి నీకు సందు ఇయ్యలేదు."

శనివారం ఆలూరులో ఒక ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. వీధి చివర తాత ఉండనే ఉన్నాడు. చేన్లు ముగిసే కాలంలో డబ్బా పట్టుకుని వచ్చిన సారును చూసి ఊరుకుంటాడా? "ఏమప్పా, కుదిరిన సంబంధం తప్పిపోయిందా?"

నేను ఆటోలో తల వంచుకున్నాను.

"ఇంటి పేరు తప్పు రాసుకున్నాం తాతా. మళ్లీ పోయి అడగాల" అన్నాడు సారు.

రాసుకున్నాం అన్నాడు. రాసింది అని నా వైపు చూపించలేదు. ఆయన గురించి వంద సంగతులు చెప్పగలను కానీ, నాకు ఆ ఒక్క మాట చాలు.

మా ఊరి చేన్లో దొరికాయి. గేటు దగ్గరి ఊర్లో ఎండిన మొక్కలకు అక్కడక్కడ పచ్చికాయలు, వాటిలో దొరికాయి. బావుల ఊర్లో ఒక రైతు ఆ పొద్దే పత్తి కట్టె పీకుతున్నాడు. సారు పరిగెత్తి, ఆగప్పా ఆగప్పా అంటూ, ఆయన పీకే సాలుకు ముందు సాలులో కాయలు కోసుకున్నాడు. వంక అవతల మా పుట్టింటి చేన్లో గుడ్డిపూలు కూడా కనిపించాయి. పురుగు పూరేకులన్నీ కలిపి దారంతో కుట్టినట్టు మూసేసిన పూలు అవి. "వచ్చినావా నాయనా" అన్నాడు అక్కడ, ఎప్పటిలాగానే. ఆ మాట విన్నాక నాకు ఊపిరి కొంచెం ఆడింది.

కొండ కిందికి పోయేసరికి ఎండ వాలింది. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కింద చేన్లన్నీ నల్లగా ఉన్నాయి. గొర్రెలు కాయలు మేశాయి, కట్టె పీకి కుప్పలు వేసి కాల్చేశారు. నేను మా చెల్లెలు వాళ్ల చేను గట్లు, ఆ పక్క చేను గట్లు, వాన నీళ్లు పారే కాలువ, అన్నీ వెతికాను. సారు మోకాళ్ల మీద కూర్చుని బూడిద చుట్టూ వెతికాడు. దొరికిన నాలుగు కాయలూ ఎండిన డిప్పలే.

అప్పుడు మళ్లీ నా బుద్ధి పాత దారి పట్టింది. "మా చెల్లెలి ఇంట్లో పత్తి ఉండాది సారూ. ఈ ఊరి పత్తే కదా, దాంట్లో తీసుకుందాం."

ఆయన నన్ను చూశాడు. "ఈ ఊరిదేనా? దాంట్లో వేరే ఊరిది ఏమన్నా కలిసిందా?"

నాకు తెలుసు. మా చెల్లెలి మరిది వేరే ఊర్లో కౌలుకు చేసిన పత్తి కూడా అదే కుప్పలో పోశారు. చెప్పకపోతే ఐదో సీసా నిండుతుంది. ఆయన ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఈసారి తొందర పెట్టలేదు.

"కలిసింది సారూ" అన్నాను.

"అయితే వద్దులే."

పెన్సిలు తీసి ఒక చీటీ మీద రాసి నాకిచ్చాడు. ఊరి పేరు, తేదీ, దాని కింద "ఖాళీ". నన్నే సీసాలో వేసి మూత పెట్టమన్నాడు. పెట్టాను. ఇప్పుడు దాన్ని ఆయన చేతికి ఇవ్వాలి. నా జీవితంలో మొదటిసారి ఒక మనిషికి ఏమీ లేనిది చేత్తో అందిస్తున్నాను. తలెత్తలేకపోయాను. ఆయన రెండు చేతులూ చాచి తీసుకున్నాడు, మనం తాంబూలం తీసుకుంటామే, అట్లా. "ఇది కూడా సమాచారమే అక్కా. లేదని తెలవడం కూడా తెలవడమే" అన్నాడు. మిగతా నాలుగింటి పక్కన దాన్ని కూడా వరుసలో నిలబెట్టాడు.

మంగళవారం ఫోను చేశాడు. మీటింగులో లేచి నిలబడి, ఆలూరు పక్క ఐదూళ్ల సంగతి తనకింకా తెలియదని చెప్పాడంట. ఎవరో నవ్వారంట. "నవ్వనీలే. తెలీదని చెప్పేకి నాకు అరవై ఏండ్లు పట్టింది" అన్నాడు. ఫలితం రావడానికి నెలలు పడుతుందన్నాడు. నేను మళ్లీ ఫోను చేయలేదు. చేద్దామని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో. ఆ నాలుగు సీసాల్లో ఇంకేం తప్పు బయటపడిందో అని భయం. ఆ భయంతోనే ఎండాకాలం గడిపాను, ఆయన ఆ ఎండల్లోనే పోయాడు. చేసి ఉంటే ఒక్కసారైనా ఆ గొంతు వినేదాన్ని.

బుధవారం వచ్చిన ఆ పిల్ల సంచిలో నుంచి ఆ రిజిస్టరు తీసింది. ఫలితం చెప్పింది. మా ఊరి పురుగు, గేటు దగ్గరి ఊరి పురుగు ఒకే ఇంటివంట. బావుల ఊరిది దాయాదంట. వంక అవతలిది, అంటే మా పుట్టింటిది, ఇంకొంచెం దూరపు చుట్టమంట. ఒక్క కడుపున పుట్టినవి కావు. నా ఐదు సీసాల మాట విని ఐదూళ్లనూ ఒక్కటి చేసి ఉంటే అది తప్పయ్యేది. కొండ కింది ఊరిది మాత్రం తేలలేదు. అందుకే తాను వచ్చానంది. మొండి పురుగు ఆ కొండ కిందే ఉందేమోనని సారు చివరి దాకా అనుకునేవాడంట. ఈ ఏడు అక్కడ గుడ్డిపూలు అప్పుడే మొదలయ్యాయని మా చెల్లెలు మొన్న చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మళ్లీ కాలు నిలవడం లేదు.

ఆ పేజీ చూపించమని అడిగాను. చూపించింది. కొట్టేసిన ఐదు వరుసలూ అట్లాగే ఉన్నాయి, కింది రాత కనిపిస్తూ. ఇన్నాళ్లూ నన్ను భయపెట్టిన ఆ పక్క రాత వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. "ఇంటి కుప్పలోవి. అక్క వచ్చి చెప్పింది." అంతే ఉంది. దాని కింద కొత్త వరుసలు ఐదు. ఐదో దాంట్లో కొండ కింది ఊరి పేరు, ఆ శనివారం తేదీ. పక్కన పెన్సిలుతో:

"ఖాళీ. ఇద్దరం వెతికినాం."

ఆ పిల్ల పోయేటప్పుడు ఐదు సీసాలిచ్చింది. నేను దోసెడు చెనిక్కాయలు పోశాను, అది మానేది లేదు. రేపు పొద్దున కొండ కిందికి పోతున్నాను. సీసా నిండుతుందో, చీటీ ఒక్కటే వేస్తానో చేను చూస్తే గానీ తెలియదు. రెండిటికీ పెన్సిలు చెక్కి పెట్టుకున్నాను.

ఇంత సేపు నా పక్కన కూర్చుని విన్నారు. మీ ఇంటి చేన్లో ప్రతి కాయా లోపల కూడా తెల్లగా ఉండాలి. మీ గడప తొక్కిన వాళ్లకు పెట్టడానికి మీ చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి. లేని రోజు వస్తే, లేదని చెప్పే నోరు మీకుండాలి, ఆ లేనిదాన్ని రెండు చేతులా అందుకునే మనిషి మీ ఇంటికి రావాలి. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండండి.